నాలుగు వేళ్ళు

ఫోటోలో అత్త చెవి కింద
కనపడేవి నాలుగు వేళ్ళు.
అవి నావి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.
ఏటుకూరు రోడ్డులో రేకుల ఇల్లు,
పక్క కళ్ళంలో ఆరబోసిన మిరపకాయ.
శవం చుట్టూ కూర్చున్నవాళ్ళు
తుమ్ముతూ ఏడుస్తున్నారు.
ఏది ఏడుపో ఏది ఘాటో
ఎవరి ముక్కుకు వాళ్ళకే తెలియాలి.

సామ్రాజ్యం అత్త ఫోటో దిగి ఎరగదు.
దిగితే ఆయుష్షు తరుగుతుందని
పెళ్ళిళ్ళలో కెమెరా కనపడగానే
వంటల దగ్గరికి పోయి గరిటె పట్టుకునేది.
నలభై ఆరేళ్ళు అట్లా దాచి దాచి,
తరగడానికి ఏమీ మిగలని పూట
నాన్న లాలాపేట పోయి
స్టూడియో మస్తాన్ని సైకిలు మీద ఎక్కించుకొచ్చాడు.

"పడుకోబెట్టి తీస్తే మొహం సాగుద్ది,
కూర్చోబెట్టండి" అన్నాడు మస్తాను.
తాపీమేస్త్రీ ఇంట్లోంచి చేతుల కుర్చీ వచ్చింది.
నడుముకు కండువా బిగించి పైన పవిట కప్పారు.
నుదుటి మీది రూపాయి బిళ్ళ తీశారు,
ముక్కులో దూది తీశారు,
బొటనవేళ్ళకు కట్టిన దారం మాత్రం
"కాళ్ళు పడవులే" అని వదిలేశారు.

తల నిలవలేదు.
ఎడమ పక్కకే వాలిపోతుంది,
అటునుంచి ఎవరో పిలిచినట్టు.
"పిల్లా, సన్నంగా ఉన్నావు, కుర్చీ యెనక్కి పో.
తల పట్టుకో. కదలమాక."
అమ్మ వద్దంది.
వజ్రమ్మ మామ్మ "దాని అత్తేగా" అంది.

పోయాను.
కొబ్బరినూనె వాసన, దాని కింద తొడిమల వాసన.
అత్త కోల్డ్ స్టోరేజీలో మిరపకాయ తొడిమలు తీసేది.
సాయంత్రం వచ్చాక
నన్ను వేళ్ళతో ముట్టుకునేది కాదు,
మంట.
మణికట్టుతో బుగ్గ రాసేది,
మోచేత్తో జడ పక్కకు నెట్టేది,
అన్నం స్పూనుతో పెట్టేది, దొరసానిలాగా.
ఇప్పుడు నేను వేళ్ళతో పట్టుకున్నాను.
మంట లేదు.
చల్లగా, కుండ అడుగులాగా.

"ఊపిరి బిగబట్టండి" అన్నాడు మస్తాను,
అలవాటుగా.
అందరం బిగబట్టాం.

వారానికి ఫోటో వచ్చింది.
నాన్న దాన్ని బియ్యం డబ్బా పైన గోడకు కొట్టాడు.
వచ్చిన చుట్టాలు చూసి
"అచ్చం బతికున్నట్టే" అనేవాళ్ళు.
బతికుండగా అత్త
అంత నిటారుగా ఎప్పుడూ కూర్చోలేదు.

మొన్న అరండల్‌పేట నాలుగో లైనులో
కంప్యూటరు ముందు కుర్రాడు
బొమ్మను పెద్దది చేసి అన్నాడు:
"ఈ వేళ్ళు ఎవరివో అడ్డం పడ్డాయి, తీసేస్తా ఆంటీ.
కళ్ళు తెరిపిస్తా. చీర రంగు చెప్పండి."
గుర్తు లేదు.
తమ్ముడికి ఫోన్ చేస్తే పచ్చ అన్నాడు.
వాడప్పటికి పుట్టనే లేదు.

కుర్రాడు కళ్ళు తెరిపించాడు.
తెల్లగా, తడిగా, ఎవరివో కళ్ళు.
వాటికి మిరప్పొడి తెలీదు.
"మూసెయ్యి నాయనా" అన్నాను.
మూశాడు.
"మరి వేళ్ళు?"

వేళ్ళు ఉండనీ.
చిన్నతనంలో నన్ను తీసిన ఫోటో
ఇంకోటి లేదు.
స్కూలు గ్రూపు ఫోటో నాడు జ్వరం,
అక్క ఓణీల నాడు
కెమెరా అటుంది, నేను మంచినీళ్ళు మోస్తూ ఇటున్నాను.
తొమ్మిదేళ్ళ నేనంటే
ఈ నాలుగు వేళ్ళే,
గోళ్ళలో మట్టితో సహా.
బొటనవేలు కనపడదు.
అది ముడి కింద, మెడ వెనక ఉంది,
బరువంతా దానిమీదే.

"ఏం చెయ్యలేదుగా, ప్రింటుకే ఇవ్వండి" అన్నాడు.
నూట ఇరవై.
కవరులో పెట్టేటప్పుడు
కుర్రాడు అంచుల దగ్గరే పట్టుకున్నాడు,
వేలిముద్ర పడకుండా.