ముద్ర వేసిన నకలు

ఏ సంవత్సరం? ముందు అదే అడుగుతాను.
ఇద్దరి పేర్లూ కావాలి,
ఆవిడది పెళ్ళికి ముందు ఇంటిపేరుతో సహా.
తేదీ తెలియకపోయినా ఫర్వాలేదు,
గోధుమ దెబ్బతిన్న ఏడా, బాగా పండిన ఏడా
చెప్పినా చాలు, వెతుకుతాను.

పొద్దున వెర్నా హాల్వర్సన్ వచ్చింది.
బూట్లకి డకోటా బురద,
చేతిలో పింఛను ఆఫీసు ఉత్తరం.
పోయిన మొగుడి మొదటి పెళ్ళి
నిజంగానే తెగిందని కాగితం చూపించాలట.
"నలభై ఆరేళ్ళు కాపురం చేశాక
ఇప్పుడా అడగడం?"
నా దగ్గర జవాబు లేదు.
దరఖాస్తు ఫారం ముందుకి తోశాను.

ఎనభైకి ముందువన్నీ కోర్టు నేలమాళిగలో,
మైక్రోఫిల్ము రీళ్ళలో.
తిప్పుతుంటే ఎవరెవరి సంసారాలో
నల్లటి తెర మీద తెల్లటి గీతలై పరిగెడతాయి.
ఒకచోట ఆపాను.
కేసు నంబరు, జడ్జి సంతకం,
కింద పంపకాల జాబితా:
ట్రాక్టరు అతనికి.
కుట్టుమిషను ఆమెకి.
అకార్డియన్ ఆమెకి.

వెర్నా వేలు అక్కడే ఆనింది.
"వరదలో కొట్టుకుపోయిందన్నాడు నాతో.
ప్రతి వసంతంలో నది పొంగినప్పుడల్లా
గట్టు మీద నిలబడి చూసేవాడు.
నేనూ పక్కనే నిలబడి చూసేదాన్ని."

రీలు మోటారు గుర్రుమంటోంది.

పేజీకి యాభై సెంట్లు, ముద్రకి పది డాలర్లు.
ముద్ర లేని నకలు వాళ్ళు తీసుకోరు, అన్నాను.
చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.
తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చింది.

"ఆ జాబితా పేజీ ఇంకొకటి ఇవ్వండి.
దానికి ముద్ర అక్కర్లేదు."