తెల్ల మాత్ర

ఎముకలు గుల్లబారుతున్నాయంది డాక్టర్ అడేబాయో
తెరని నా వైపు తిప్పి.
నా తుంటి ఎముకట అది,
చెదపట్టిన దూలంలా ఉంది.
కిడ్నీల అంకె కూడా ఏడాదిగా మెట్లు దిగుతోందట.
"డెబ్బై దాటారు. పదహారేళ్ళు మోసింది మిమ్మల్నీ మందు,
ఇక దాన్ని దించేద్దాం."

నేను తలూపాను.
ఓడల ఇంజన్ గదుల్లో ముప్పై ఏళ్ళు
అరిగింది విప్పి కొత్తది బిగించడమే నా పని.
బేరింగు పోయిందని ఎవడేడుస్తాడు?

నర్సు నెరిస్ పట్టీ రాసిచ్చింది.
బీపీ మాత్ర పొద్దున, కొలెస్ట్రాల్‌ది రాత్రి,
కొత్త తెల్ల మాత్ర రోజుకొక్కటి,
కాల్షియం దాంతో కలిపితే మాత్రం
అన్నంతోనే, ఖాళీ కడుపున వద్దు.
స్వాన్సీ వాన కిటికీని కొడుతుంటే
చిన్నపిల్లాడిలా అప్పజెప్పాను.

గులాబి మాత్ర గురించి వాళ్ళకి సగమే చెప్పాను.

అది రాత్రి పదింటికి, ఖాళీ కడుపున.
గంటకల్లా మంచం రేవు విడిచేది,
గోడలు ఒక పక్కకి ఒరిగేవి,
అప్పుడొచ్చేవాడు గెథిన్.

తొంభై నాలుగు మార్చిలో పోయాడు.
పళ్ళేన్ని వార్డు తలుపు బయటే పెట్టి వెళ్ళేవారు,
నేను లోపలికి తెచ్చి తినిపించేవాణ్ణి.
ఇంకో రెండేళ్ళు ఈదగలిగితే మందు ఒడ్డున ఉంది.
అప్పుడెవరికి తెలుసు.

బతికుండగా వాడికొచ్చిన తెలుగు మూడు మాటలు:
తిన్నావా, చాలు, ఆగు.
కదిలిపోయే బస్సు వెనక పరిగెడుతూ
"ఆగు! ఆగు!" అని అరిచేవాడు, వేల్సు వీధిలో.
కలలో మాత్రం
అచ్చం మా కాకినాడ యాస,
మా మేనత్తలా దీర్ఘాలు తీస్తూ
కూరలో ఉప్పు దగ్గర్నుంచి నా బట్టతల దాకా దేన్నీ వదలడు.
వాడికింకా ముప్పై ఆరే.
"నీ మోకాళ్ళకేమైందిరా" అని నవ్వేవాడు.

"పీడకలలు వస్తున్నాయా?" ప్రతిసారీ అడిగేవారు క్లినిక్‌లో.
అప్పుడప్పుడూ, అనేవాణ్ణి.
పీడ అనే మాట దగ్గర నోరు తడబడేది.

మార్చాక మొదటి వారం వచ్చాడు, మాట సరిగా వినిపించలేదు.
రెండో వారం వీపు చూశాను.
ఆ తర్వాత నిద్ర
నూనె వేసిన తలుపులా చప్పుడు లేకుండా మూసుకుంది.

మూడు నెలలకి నివేదిక.
కిడ్నీల అంకె ఒక మెట్టెక్కింది.
"వైరస్సా, ఎప్పట్లాగే కనబడటం లేదు" అంది నెరిస్ సంతోషంగా.
అవును, కనబడటం లేదు, అన్నాను.
"నిద్ర?"
బ్రహ్మాండంగా పడుతోంది.
దాన్ని ఫిర్యాదుగా ఏ గడిలో రాస్తారో నాకు తెలీలేదు.

పాత సీసాలో పదకొండు మిగిలాయి.
కోటు జేబులో గలగలలాడుతూ వచ్చాయి ఫార్మసీ దాకా.
ఆ కుర్రాడు చూడనైనా చూడకుండా నీలం డబ్బాలో పడేశాడు.
వెనక్కి తిరిగొచ్చేశాను.
సగం దారిలో ఒకసారి ఆగాను, అంతే.

ఇప్పుడు ఎనిమిదింటికే అన్నం.
పళ్ళెం పక్కన మాత్ర,
డబ్బా మీద చీటీ: భోజనంతో వేసుకోవాలి.
ఇంగ్లీషులోనే ఉంది.
నాకు మాత్రం ఆ మూడింటిలో మొదటి మాట వినిపిస్తుంది,
వత్తాల్సిన చోట వత్తకుండా,
వాడు పలికినట్టే.

తింటున్నానురా.
ఆగు.