కొట్టివేతకు చప్పుడు లేదు

కారష్‌యొక మునిసిపాలిటీ ఆఫీసు, రెండో అంతస్తు.
నార్వే పైకొసన డిసెంబరు,
మధ్యాహ్నం రెండింటికే దీపాలు.
రావ్ద్నా పాత బడి రిజిస్టర్లను
పేజీ తర్వాత పేజీ హెచ్‌టీఎమ్‌ఎల్‌లోకి ఎక్కిస్తోంది.

ఆమెకిచ్చిన నియమం చిన్నది:
దేన్నీ తుడవకూడదు.
తప్పుంటే డెల్ అని ఓ తలుపు తెరువు,
తప్పును లోపల కూర్చోబెట్టు,
ఏటవాలు గీతతో గడియ వెయ్యి.
పక్కన ఇన్స్ అని ఇంకో గది. అందులో సరైన మాట.
చూసేవాడికి ఒకదాని నడుం మీద గీత,
ఒకదాని పాదాల కింద గీత.
కొట్టేసిన మాట గీత వెనక
ఊపిరి తీస్తూనే ఉంటుంది.

తెలుగులో ప్రూఫులు దిద్దేవాళ్ళు
మరిచిన మాటను ఇరికించడానికి హంసపాదు వేస్తారు.
ఇక్కడికి హంసలు నిజంగానే వస్తాయి,
మే నెలలో, నది మీద మంచు పగిలే వారం.
ఒడ్డంతా పాదాలు వేస్తాయి.
ఎక్కడ ఏం చేర్చాలో చెప్పకుండా ఎగిరిపోతాయి.

ఇస్సాత్ వచ్చాడు,
మనవరాలి భుజం మీద చెయ్యేసుకుని,
బూట్ల మంచు గుమ్మం దగ్గర దులుపుకుని.
చూపు పోయి నాలుగేళ్ళు.
"హాస్టలు బడిలో నా పేరు తప్పు రాశారమ్మాయ్.
డెబ్భై రెండేళ్ళయింది. తీరిక లేక రాలేదు."

పద్నాలుగో పేజీ. నీలి సిరా. ముత్యాల్లాంటి దస్తూరి.
ఇసాక్ యోహాన్సెన్. వయసు: ఏడు. భాష: లేదు.

రావ్ద్నా ఆ చివరి మాట దగ్గర
కాసేపు ఏ మీటా నొక్కలేదు.

తర్వాత కొట్టేసింది. చేర్చింది.
ఇసాక్ యోహాన్సెన్ మీద గీత, పక్కన యోవ్నా ఇస్సాత్.
లేదు మీద గీత, పక్కన సామీ.
మార్పు తేదీ రాయడానికి ఓ గడి ఉంటుంది, పైకి కనిపించదు.
"నేను పుట్టిన రోజు వెయ్యి," అన్నాడు.
"యంత్రం ఒప్పుకుంటుంది తాతా, మా ఆఫీసరు ఒప్పుకోడు."
ఇవాళ్టి తేదీ వేసింది.

"ఏదీ, వినిపించు."
చూపులేని వాళ్ళకు తెర చదివి పెట్టే గొంతు,
ఓస్లో ఆడమనిషి యాస, ఎక్కడా తడబడదు:
ఇసాక్ యోహాన్సెన్ యోవ్నా ఇస్సాత్.
వయసు ఏడు.
భాష లేదు సామీ.

గీతలు కళ్ళకే. గొంతుకు గీతల్లేవు.
కొట్టేసిందీ చేర్చిందీ ఒకే ఊపిరిలో,
రెండూ సమానంగా నిజమైనట్టు.
తెలుగులో రాసుకుంటున్న నా చెవికి మాత్రం
చేతులు కట్టుకుని నిలబడ్డ ఏడేళ్ళవాడు
పంతులుకు చెప్పిన జవాబు వినిపించింది:
లేదు, సామీ.

రావ్ద్నా చెవుల దాకా ఎర్రబడింది.
"క్షమించు తాతా, ఒక్క వరుస కలిపితే చాలు,
కొట్టివేత మొదలు, కొట్టివేత ముగిసింది అని
ఆ గొంతే చెప్పేలా..."
"కలుపు. వేరే వాళ్ళకు పనికొస్తుంది.
నాకు అదివరకటిదే సరిగ్గా ఉంది.
అప్పుడూ చప్పుడు కాలేదు.
ఆ పేరుతో పిలిచారు, పలికాను. అంతే."
కాఫీలో నానేసిన చీజు ముక్కను
వేళ్ళతో వెతికి పట్టుకున్నాడు.

లేస్తూ లేస్తూ అడిగాడు:
"నా కింది వరుసలో ఎవరున్నారు?"
చదివింది. పీటర్. ఆనా. ఇంకో ఆనా. నిల్స్.
అతను ఒక్కొక్కరికీ ఇంట్లో పిలిచే పేరు చెప్పాడు.
ఇంకో ఆనా దగ్గర ఆగిపోయాడు.
"రాత్రుళ్ళు నా పక్క గదిలో ఏడ్చేది. పేరు... ఉండు..."
గుర్తు రాలేదు.
మనవరాలు కోటు గుండీలు పెట్టింది.

దరఖాస్తు లేనిదే ఎవరి పేరూ మార్చకూడదు.
అతను చెప్పినవన్నీ ఓ చీటీ మీద రాసుకుని
సొరుగులో పెట్టింది.
ఆఫీసు మూసేముందు, ఇంకో ఆనా పక్కన మాత్రం
ఇన్స్ అని తెరిచి, ఏమీ రాయకుండా మూసేసింది.
తెర మీద ఏమీ తేడా లేదు.
ఫైలు కొన్ని బైట్లు బరువెక్కింది.