ముప్ఫయ్యారు

పొద్దున్నే పైడిరాజు తెచ్చిన సంచిలో
గులాబీరంగు ముద్ద, అందులో ఒక కాటు.
చీటీ మీద డాక్టర్ హైమవతి గారి కోడిగీతలు:
ముప్ఫయ్యారో నంబరు, ఎడమ, కింది దవడ.
పేరు రాసేచోట "ఓడ" అని రాసి ఊరుకున్నారు.

ఫోను చేస్తే చెప్పారు.
"బొగ్గు ఓడలో ఇంజను మనిషి, గౌరీసూ.
రెండు నెలలుగా లవంగం నూనె మీద బతుకుతున్నాడు.
వాళ్ల దేశంలో ఈ ఒక్క పన్నుకి అడిగింది వింటే
ఉన్నవి కూడా రాలిపోతాయి.
నరం నిన్ననే తీసేశాను, తొడుగు నువ్వివ్వాలి.
ఎల్లుండి తెల్లారకుండా ఓడ కదిలిపోతుంది."
వేళ్ల మీద లెక్కేశాను.
చేతిలో ఉన్న గంటలూ ముప్ఫయ్యారే.

మనుషుల్ని చూసే పని కాదు నాది.
డాబాగార్డెన్స్ సందులో రెండో అంతస్తు,
కింద మిక్సీలు బాగుచేసే కొట్టు,
చొక్కా నిండా ఎప్పుడూ తెల్లపొడి.
రాతిపిండి కలిపి పోసి, ఆరాక విప్పితే
నా బల్ల మీద
ఎవరిదో నోరు తెరుచుకుంది.

పై పళ్ళు అరిగాయి: నిద్రలో కొరుక్కుంటాడు.
చాలాకాలం కుడివైపే నమిలాడు.
ముందు పన్ను అంచున పెచ్చు లేచింది,
సీసా మూతతో పందెం కాసి ఉంటాడు.
ఒక మనిషి గురించి
ఇంతకన్నా నాకెప్పుడూ తెలీదు.

రంగు ఏ-త్రీ అన్నారు.
పొగాకూ, చక్కెరలేని టీలూ తలుచుకుని
గోధుమరంగు ఒక కుంచెమొన ఎక్కువ కలిపాను.
మరీ తెల్లగా చేస్తే పన్ను అబద్ధం చెబుతుంది.

రాత్రి పదకొండుకి, కొలిమి
తొమ్మిదివందలు దాటుతుండగా
కరెంటు పోయింది.

పింగాణీకి వెంట్రుకంత పగులు.
కింది కొట్టు అప్పన్నని లేపాను.
వాడు నా మూడు తరాల్నీ తిట్టి
లుంగీ ఎగ్గట్టి జనరేటరు తాడు లాగాడు.
మళ్లీ మొదటినుంచి.

అలా కొలిమి ముందు కూర్చున్నప్పుడు
నాలిక దానంతటదే
నా నోట్లోని ఖాళీలోకి వెళ్తుంది.
నా ముప్ఫయ్యారు పీకించి ఆరేళ్ళు.
అతనికి "ఇంతేనా" అనిపించిన ధర
నాకు రెండు నెలల అద్దె.
కోపమేం లేదు.
నాలిక వెళ్తుంది, అంతే.

మర్నాటి సాయంత్రం కూర్చోబెట్టారు.
పైడిరాజు వచ్చి చెప్పాడు:
"మనిషి తలుపుకి తగిలేంతున్నాడన్నా.
సూది చూసి గుంటడిలాగ కళ్ళు మూసేసుకున్నాడు.
అయిపోయాక అద్దం అడగలేదు.
తినడానికేటైనా దొరుకుద్దా అని సైగ చేసాడు.
రెండు గంటలాగమంది డాక్టరమ్మ.
ఆగితే కదా!
నా బండి మీదే బీచికి ఎక్కించుకుపోయాను.
మురీ మిక్స్చరు.
మొదటి గుప్పెడు కుడివైపే నమిలాడన్నా, అలవాటు.
ఆగాడు.
ఎడమకి తిప్పాడు.
కరకరమంది, నాకు వినిపించింది."

ఓడ కూత నాకూ వినిపించిందని రాయొచ్చు.
మా సందుకి సముద్రం వినపడదు.
ఆ వేళకి బల్ల మీదే తల పెట్టి నిద్రపోతున్నాను.

ఏడు నెలలయ్యాక
ఇంకో ఓడ, ఇంకొకడు, బుగ్గ వాచిపోయి.
ఇంగ్లీషు సరిగా రాదు. జేబులోంచి
నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడట.
హైమవతి గారు దాన్ని ముద్దతో పాటే పంపారు.

క్లినిక్ బోర్డు మీది తెలుగు
అక్షరం అక్షరం చూసి గీసిన బొమ్మ.
తెలియని చెయ్యి, తలకట్లన్నీ మర్చిపోయింది,
సున్నా మాత్రం గుండ్రంగా, జాగ్రత్తగా.
కింద ఒక దవడ బొమ్మ,
ఎడమవైపు ఒక పన్నుకి నల్లటి గీత,
పక్కన నవ్వుతున్న మొహం.

అలమరలో "ఓడ" అని రాసిన నోరు ఇంకా ఉంది.
కాగితం దాని పళ్ళ మధ్య పెట్టాను,
గాలికి ఎగిరిపోకుండా.
రాతిపిండికి నీళ్ళు కొలిచాను.