మీటరు నా పేరు మీద ఉన్నది

తేజస్ కొంకటివార్ రెండు మిషన్లు తెచ్చిండు
నాగపూర్ నుంచి, పాత దుప్పట్లల్ల చుట్టి.
ఒకటి ఉంచుకుంటడట, ఒకటి వాపసు.
వారం రోజులు రెంటినీ నడిపి చూస్తడట
నేను కిరాయికిచ్చిన అర్రల.

వాళ్ల తాతది మంథని దిక్కు.
బల్లార్షా వచ్చినంక ఇంటిపేరుకు
వార్ అని తోక మొలిచింది.
నేను మల్లవ్వను. వార్డుల అందరికి మల్లూబాయిని.
బాయి పనికొచ్చినోని పెండ్లానికి
పేర్లనే బాయి.

"ఏం జేస్తయిరా ఇవి?"
"తవ్వుతయి, అవ్వా."
మట్టి లేదు, తట్ట లేదు,
దిగినోడు లేడు, ఎక్కినోడు లేడు.
"ఏం తవ్వుతయి?"
"లెక్కలు."
సరే. మా ఓదెలు సుత ముప్పై రెండేండ్లు
సాస్తి బాయిల లెక్కకే తవ్విండు.
టబ్బుల లెక్క, హాజిరి లెక్క,
కోసుకున్న నాగాల లెక్క.

పెద్దది మూడువేల రెండొందల యాభై వాట్లు.
ఊళ పెడుతది.
గోడవతల చంద్రకళకు "పప్పు కావాల్నా" అంటే
"నిప్పా! యాడ?" అని బిందె పట్టుకొని ఉరికొచ్చింది.
చిన్నది పద్నాలుగు వందలు.
గురక, గంతే.
మొదటి రాత్రి నిద్రలనే
"పక్కకు తిరుగు" అన్న దాన్ని.

తేజస్ నోటుబుక్కుల గీతలు కొట్టిండు.
దీని వేగం ఎంత, దాని వేగం ఎంత,
వాటుకు ఎంత, యూనిట్‌కు ఎంత,
రేపు ధర పడితే ఎంత, లేస్తే ఎంత.
నా లెక్క నేను గోడ మీద బొగ్గుతోని రాసుకున్న:
పెద్దదాని ముందట అప్పడాల జల్లెడ, రెండు గంటలు.
చిన్నదాని ముందట తెల్లారేదాక,
కాని అంచు పగలది.

శ్రావణం. తొమ్మిది రోజుల ముసురు.
పేపర్ మిల్లు వాసన తడిసి బరువై
కిటికీ కాడనే కూసున్నది.
వాడకట్టుల ఎవ్వలి చేటల చూసినా బూజు.
నా అర్రల మాత్రం ఎండ కాస్తున్నది,
దండెం మీద చంద్రకళ మనుమని లాగులు సుత.
"మరి మే నెలల?" అని అడిగిన.
నలభై ఏడు డిగ్రీలకు వాని నోటుబుక్కుల
గడి లేదు.

ఆదివారం మూతలిప్పి
పండ్లు తోముకునే బ్రష్షుతోని పంకాలు తుడిచిండు.
నల్లగ రాలింది.
రోడ్డు మీది లారీలదో, పవర్‌హౌజ్ పొగదో,
దూది పెట్టి మూలమూల తీసిండు, ఇంకా వచ్చింది.
నేను దోసిలి పట్టిన.
పెన్షన్ తీసుకున్న ఆరేండ్లకు సుత
ఓదెలు ముక్కులకెల్లి, చెవులల్లకెల్లి,
పోయేనాటి దస్తీలకెల్లి
వచ్చింది ఇదే.
"భూమిలకు దిగంది దీనికెట్ల పట్టిందిరా?"
తేజస్ నవ్విండు. తర్వాత నవ్వలే.
"కరెంటు సుత బొగ్గే గద అవ్వా."

ఎర్రదీపం కన్నుగీటుతనే ఉన్నది మీటరు మీద.
పెద్దది వారంల అయిదొందల నలభై ఆరు యూనిట్లు తిన్నది,
తవ్వింది అందుల సగం పైసలకు.
చిన్నది సుత బాకీనే.
చిన్న బాకీ.
అప్పడాలు ముప్పై ఏడు డజన్లు పోయినయి
స్టేషన్ కాడి కిరాణంల.
ఆ సంగతి వానికి చెప్పలే.
ఎందుకు చెప్పలేదంటే, కిరాయి పెంచాల్నా
తగ్గించాల్నా నాకే తెల్వలే.

మేకుకు ఇత్తడి టోకెన్ ఉన్నది, నంబరు ఆరొందల పద్నాలుగు.
అది ఇస్తేనే ల్యాంపు ఇచ్చేటోళ్లు.
షిఫ్టు దిగినంక పలక మీద ఒక్క టోకెన్ మిగిలినా
కింద ఎవడో ఉన్నడని సైరన్ కొట్టేటోళ్లు.
ఓదెలు దాన్ని వాపసియ్యలే.
నేను అడగలే.

రేపు బండి తెస్తనన్నడు తేజస్.
ఏది పోతదో చెప్పలే, నిద్రపోయిండు
రెంటి నడుమ, చెవులల్ల దూది పెట్టుకొని.

వాన ఇంకా పడుతున్నది.
జల్లెడల అప్పడాలు ఒక్కొక్కటి తిరగేసి
చిన్నదాని దిక్కు జరిపిన.