నడుము కొలత

ఎంత చెట్టుకు అంత గాలి అంటారు.
ఒరూరోలో చెట్లే తక్కువ.
సముద్రం కంటే మూడువేల ఏడొందల మీటర్ల ఎత్తున
గాలి కూడా మా వాటాకి కోతపడి వస్తుంది.
ఇక్కడ కంప్యూటర్ ఫ్యాన్లు
మెట్లెక్కిన ముసలాళ్లలా రొప్పుతాయి.

ఇలారియోన్ కోల్కే తన పెట్టెను
చంటిపిల్లల్ని మోసే చారల దుప్పట్లో కట్టి
వీపున వేసుకొచ్చాడు.
నా బల్ల మీద దించి, ముడి విప్పి,
"ఇది చచ్చిపోయిందంటున్నారు, సతుర్నీనా,
నువ్వొక్క మాట చెప్పు," అన్నాడు.

మూత తీశాను.
లోపల జరీ పోగులు, చమ్కీలు,
పగిలిన గాజు పూస,
ఇరవై కార్నివాళ్ల దుమ్ము.
మదర్‌బోర్డు మీద ఎర్ర దారం ముక్క,
ఏ దయ్యం వేషగాడి భుజం మీంచి రాలిందో.

ఐదొందల పన్నెండు మెగాబైట్ల మెమరీ.
హార్డ్ డిస్కు, తుమ్మితే ఊడే ముక్కు.
కొత్త మెషీను కొని కొత్త సిస్టం వేయించమన్నాడట
మెయిన్ రోడ్డు కొట్టువాడు.
ఆ సిస్టం కాళ్లు కడుక్కోడానికే నాలుగు గిగాలు కావాలి.
చుట్టపుచూపుగా వచ్చినవాడు ఇల్లంతా పరుచుకుంటే
ఇంటివాళ్లు పడుకునేదెక్కడ?

మా అమ్మ గని బయట రాళ్ల గుట్ట మీద పనిచేసేది.
లోపలివాళ్లు పారబోసిన రాయిని సుత్తితో కొట్టి
గోరంత తగరం ఏరేది.
దాని గురించి గొప్ప మాటేదో చెప్పేదని రాయాలనుంది.
ఏమీ చెప్పేది కాదు.
నోటినిండా కోకా ఆకు ఉండేది.

పెన్ డ్రైవ్ గుచ్చాను.
నల్లటి తెర. తెల్లటి అక్షరాలు
చీమల బారులా పైకి పాకాయి.
ఇలారియోన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు,
ఆసుపత్రి వరండాలో నిలబడ్డట్టు.
నలభై సెకన్లు.
బూడిదరంగు కిటికీ ఒకటి తెరుచుకుంది.
అది తింటున్నది మొత్తం అరవై మూడు మెగాలు.

"ఏం తీసేశావు?"
"కిటికీల కింద నీడలు. మోగే గంటలు.
అడక్కుండానే వాన వస్తుందో రాదో చెప్పేవాణ్ణి.
నువ్వేం వెతుకుతున్నావో ఇంకెవరికో మోసేవాణ్ణి."
"వాడెవడు?"
"ఉండేవాడులే. పోయాడు."

అతని పట్టిక తెరిచాను.
పన్నెండొందల నలభై పేర్లు.
ఛాతీ, భుజం, మెడ, నడుము, తల చుట్టుకొలత.
బెర్నబే తికోనా, ఎలుగుబంటి వేషం:
నడుము ఎనభై ఆరు,
మరుసటేడు తొంభై, ఆపై తొంభై ఏడు,
ఆ తర్వాత డెబ్బై నాలుగు,
ఆ తర్వాత గడి ఖాళీ.
ఇద్దరం ఆ ఖాళీ గడి వంకే చూశాం.
వీధి చివరి వరకూ వినపడేలా దగ్గేవాడు బెర్నబే.

"పోయినవాళ్లని తీసేస్తే పట్టిక తేలికవుతుంది," అన్నాను,
అని నాలుక కరుచుకున్నాను.
అతను కోప్పడలేదు.
కుట్టుపనివాడు, గుడ్డ ఎంత పడుతుందో అడిగినట్టు అడిగాడు:
"ఇందులో మనిషి ఎంత తూగుతాడు?"
వేళ్లు ముడిచి లెక్కపెట్టాను.
"వంద బైట్లు. ఇదిగో, తెర మీద తిరిగే ఈ బాణం గుర్తుందే,
అదొక్కటే నలభై మంది మనుషులు."

"అయితే బాణం తీసెయ్."

"మరి ఎలా నడుపుతావు?"
"మీటలున్నాయిగా.
రాత్రి కరెంటు పోతే వేళ్లతోనే సూది ఎక్కించినవాణ్ణి."

నిజానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు,
ఆ పట్టికకి చోటు కావలసినంత ఉంది.
అయినా తీసేశాను.
అతను బెర్నబే వరసకి వెళ్లడానికి
కింది మీట నూట పద్దెనిమిది సార్లు నొక్కాడు,
లెక్కపెడుతూ, పెదాలు కదుపుతూ.

ఎనభై బొలివియానోలు అడిగాను, డెబ్బై ఇచ్చాడు.
పెట్టెని మళ్లీ దుప్పట్లో కట్టుకుని
వాలు ఎక్కుతూ పది అడుగులకోసారి ఆగి
ఊపిరి తీసుకున్నాడు.
పెట్టె బరువు ఏమీ తగ్గలేదు.
మౌస్ మాత్రం నా బల్ల మీదే ఉండిపోయింది,
తోక చుట్టుకుని.