ఏడెనిమిదుల స్టేజీ

నల్లగొండ డిపోల
దినమిడిచి దినం డ్యూటీ.
బస్సులు సగం, సీట్లు సగం, జీతం సగం.
భిన్నాలు నేర్పనీకి
ఇంతకన్న మంచి యాడాది మళ్లొస్తదా?

పానగల్లు తొవ్వల రెండర్రల కిరాయిల్లు.
ఒక్కటే ఫోను, మూలకు పగిలింది.
ఆ పగులు సైన్సు సారు ముక్కు మీదికెళ్లి
బోర్డు దాకా పోతది.

తొమ్మిదింటికి స్రవంతి ఏడో తరగతి,
పదకొండింటికి వినీల్ మూడో తరగతి,
నడుమల మిర్యాలగూడ రైసుమిల్లు కెళ్లి
వాళ్ల నాయిన.
సారు చెప్తుండంగనే సైదులు మోగుతడు.
"తిన్నరా" అని అడిగేలోపట
సముద్రాలన్నీ ఆవిరై
మబ్బులై, వానై
మళ్ల సముద్రంల పడ్తయి.
ఏమైందో మాకు తెల్వదు.

సిగ్నలేమో డాబా మీద, నీడేమో కింద.
బిడ్డ చదువుతుంటే
నేను గొడుగు పట్టుకొని నిలబడ్త.

ఎదురింటి ఫర్హానాకు ఫోను లేదు.
మా గడప అవతల కూసుంటది.
ఆరడుగులని సుద్దతోని గీత గీసిచ్చిన.
ఆ గీత మీదనే నోటుబుక్కు పెట్టుకుంటది.
గీత దాటి వినీల్‌గాని పెన్సిలు
దినాం దొర్లుకుంట పోతది,
దినాం చెక్కిన పెన్సిలై తిరిగొస్తది.

బీజగణితమంటే నాకు భయం.
"ఎక్స్ అంటే ఎవరే?" అంటే
"ఎవరు కాదమ్మా, తెల్వనిదానికి పేరు" అన్నది.
ఆ రాత్రి నేనూ లెక్కలేసిన.
వచ్చే నెల కిరాయి, ఎక్స్.
ఫర్హానా వాళ్ల తాతను దవాఖానకు తోల్కపోయిన్రు, ఎక్స్.
సమానం గుర్తుకు అవతల
ఏం రాయాల్నో తెల్వక పండుకున్న.

కొడుకుది వేరే రూటు.
అంకెలు అంకెల లెక్క వాని తలకెక్కవు.
"నల్లగొండల ముప్పై మంది ఎక్కిన్రు,
కనగల్ల ఏడుగురు దిగిన్రు,
గుర్రంపోడుల పన్నెండు మంది ఎక్కిన్రు"
అంటే మాత్రం కండ్లు మూసుకొని చెప్తడు.
"ఓ ముసలమ్మ నిలబడ్డదమ్మా, సీటియ్యాలె" అని
ఎవరినో లేపి, దింపి
లెక్క తప్పుతడు.

ఏడో ఎక్కం
ఏడేళ్ల నలభైతొమ్మిది దాకా జోరుగొచ్చి
ఏడెనిమిదుల కాడ టైరు పంచరు.
"ఏడెనిమిదులు?"
గోడ మీది బల్లిని చూస్తడు.
"ఏడెనిమిదులు?"
నా మొఖం చూస్తడు.

ఓ దినం కొట్టిన.
మూడు ట్రిప్పులు తిరిగొచ్చిన చెయ్యి,
ఎవరెవరి నోట్లు పట్టిందో తెల్వక
వాకిట్లనే సబ్బుతోని మూడుసార్లు కడిగిన చెయ్యి,
నెలల సంది పిల్లలను దగ్గరికి తీసుకోని చెయ్యి
గట్ల ముట్టింది వాన్ని.

వాడు ఏడ్వలే.
"శానిటైజర్ పెట్టుకున్నవా అమ్మా?" అన్నడు.
నేను పొయ్యి కాడికి పోయి
ఉల్లిగడ్డ కోస్తనే ఉన్న.
ఆ పూట మాకు పచ్చిపులుసు,
ఒక్క గడ్డ చాలు.

ఎల్లుండి దేవరకొండ సర్వీసు.
సీటిడిచి సీటు, మూతులకు గుడ్డలు.
ఎవరు నవ్వుతున్నరో, ఎవరు తిడ్తున్నరో
కండ్లను చూసి అర్థం చేసుకోవాలె.
కొండమల్లేపల్లి కాడ ఎక్కినామె
రెండు టికెట్లకని ఐదొందల నోటిచ్చింది.
మిషిను మీద వేలు పెట్టి
చిల్లరడగబోయి
"ఏడెనిమిదులెంత?" అన్న.

బస్సంత సప్పుడు లేదు.
డ్రైవర్ లచ్చిరాం అద్దంల నన్ను చూసిండు.
ఎనుక సీట్ల, గొర్లమ్మి వస్తున్న ముసలాయిన
కండువ మూతి మీదికి సర్దుకొని
"యాభైయారు" అన్నడు.
"గీ ఒక్కదానికే మా సారు
ఎండల మోకాళ్ల మీద నిలవెట్టిండు బిడ్డా,
అటెన్క బడికే పోలే."

ఏమనాల్నో తోచలే.
టాపు మీద రెండుసార్లు కొట్టిన.
రైట్,
రైట్.